శ్వాస నుంచి స్మృతి దాకా

మనిషి శరీరపు బరువులో మెదడు వంతు సుమారు 2 శాతం మాత్రమే. అయినా శరీరం వినియోగించుకొనే ప్రాణవాయువులో దాదాపు 20 శాతం దానికే కావాలి. ఊపిరితిత్తులు ఆర్జించిన దానిలో అయిదోవంతు ఖర్చు చేసే ఈ అవయవానికి రేపటికని దాచుకొనే గాదె లేదు. రక్తం తెచ్చినది తెచ్చినట్లే వాడుకోవాలి. ఆ సరఫరా కొద్ది నిమిషాలు ఆగినా కణాలు నశించటం మొదలవుతుంది. అందువల్ల ఊపిరికి వచ్చిన ఆపద ఊపిరితోనే ఆగిపోదు. ఈ సత్యం వైద్యులకు కొత్తది కాదు. కాని 2020లో కరోనా వ్యాధి ప్రపంచాన్ని చుట్టుముట్టినప్పుడు లోకం దానిని జ్వరం, దగ్గు, ఆయాసాల వ్యాధిగానే చూసింది. ఆసుపత్రి మంచాల మీద మాత్రం మరికొన్ని దృశ్యాలు కనిపించాయి. వాసన తెలియని ముక్కు, పగలూ రాత్రీ భేదం తెలియని చూపు, కన్నబిడ్డను పోల్చుకోలేని తండ్రి, ఉన్నట్టుండి వాలిపోయిన చెయ్యి - ఇవి కూడా ఆ వ్యాధి ముఖాలే.

ఆ ముఖాలను గుర్తించటానికి మదనపల్లె, పుంగనూరు, కుప్పం అనే మూడు ఊళ్లు మంచి ఆధారం. 2020 నాటికి ఈ మూడూ చిత్తూరు జిల్లాలోనే ఉండేవి. కొండలు, చెరువులు, టమోటా తోటలు, మల్బరీ చేలు గల మెట్టసీమ ఇది. మహానగరాలలోని పెద్ద ఆసుపత్రులు ఇక్కడి ప్రజలకు కొన్ని గంటల ప్రయాణ దూరంలో ఉంటాయి. అటువంటి చోట ఒక వ్యాధి లక్షణాన్ని వేళకు గుర్తించటమా, గుర్తించకపోవటమా అన్నదే ఎన్నోసార్లు బతుకును తేలుస్తుంది.

ఊపిరితిత్తుల వ్యాధితో దీర్ఘకాలం పోరాడిన చరిత్ర మదనపల్లెకు ఉన్నది. డెన్మార్కు దేశానికి చెందిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ సారథ్యంలో 1915లో అక్కడ క్షయరోగుల ఆరోగ్య నిలయం వెలసింది. ఆ చోటు ఆరోగ్యవరం అనే పేరుతో ప్రసిద్ధమైంది. క్షయకు తగిన మందు లేని ఆ రోజులలో స్వచ్ఛమైన గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, నియమబద్ధమైన దినచర్య - ఇవే ప్రధాన చికిత్స. 1950ల దశకంలో చుట్టుపక్కల గ్రామాలలో క్షయ వ్యాప్తిని గురించీ, బి.సి.జి. టీకా ఫలితాన్ని గురించీ అక్కడివారు జరిపిన పరిశోధనలు ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురితమయ్యాయి.

క్షయ ముఖ్యంగా ఊపిరితిత్తుల వ్యాధి. అయినా దాని సూక్ష్మజీవి కొందరిలో రక్తం ద్వారా ప్రయాణించి మెదడును కప్పి ఉండే పొరలను చేరుతుంది. అప్పుడు తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకుపోవటం, క్రమంగా స్పృహ తప్పటం సంభవిస్తాయి. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనేవరకు ఈ మెదడుపొరల క్షయ దాదాపు ప్రతి రోగినీ బలిగొన్నది. ఛాతీలో పుట్టిన జబ్బు తలకెక్కగలదని ఆరోగ్యవరం వంటి సంస్థలకు ఒక శతాబ్దం కిందటే తెలుసునన్నమాట. కరోనా చెప్పినది ఆ పాత పాఠాన్నే. అయితే చెప్పిన తీరు వేరు, వేగం వేరు.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యాధిని విశ్వవ్యాప్త మహమ్మారిగా పేర్కొన్నది. మార్చి 25 నుంచి భారతదేశమంతటా లాక్‌డౌన్ అమలయింది. మరుసటి నెలలోనే చైనాలోని వుహాన్ వైద్యులు ఒక పరిశీలనను వెలువరించారు. అక్కడి ఆసుపత్రులలో చేరిన 214 మంది రోగులలో 78 మందికి, అనగా 36.4 శాతానికి, నాడీమండల సంబంధమైన లక్షణాలు ఏవో ఒకటి ఉన్నాయని వారు గుర్తించారు. కొందరిలో తల తిరగటం, తలనొప్పి; మరికొందరిలో రుచి, వాసన తగ్గటం; వ్యాధి తీవ్రంగా ఉన్నవారిలో స్పృహ మందగించటం, కండరాలు దెబ్బతినటం కనిపించాయి. ఆరుగురికి మెదడు రక్తనాళాలకు సంబంధించిన ఆపద, అంటే పక్షవాతం వంటిది, కలిగింది.

అదే సంవత్సరం అక్టోబరులో అమెరికాలోని చికాగో నుంచి మరొక నివేదిక వచ్చింది. ఒకే ఆసుపత్రుల సముదాయంలో చేరిన 509 మందిని పరిశీలించగా 419 మందిలో, అనగా 82.3 శాతంలో, జబ్బు నడిచిన కాలంలో ఎప్పుడో ఒకప్పుడు నాడీ లక్షణాలు కనిపించాయి. కండరాల నొప్పులు 44.8 శాతానికి, తలనొప్పి 37.7 శాతానికి ఉన్నాయి. మెదడు పనితీరు మందగించి ఆలోచన, ఎరుక చెదిరిపోయే స్థితి 31.8 శాతంలో కనిపించింది.

ఒకచోట 36, మరొకచోట 82. ఈ రెండు అంకెలలో ఏది నిజం? శాస్త్ర విద్యార్థి ఆగి ఆలోచించవలసిన చోటు ఇదే. రెండూ నిజమే కావచ్చు. దేనిని లక్షణంగా లెక్కించారు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు లెక్కించారు, రోగులలో వ్యాధి ఎంత తీవ్రంగా ఉన్నది అనే ప్రశ్నలకు జవాబులు మారితే అంకె కూడా మారుతుంది. చికాగో వైద్యులు సామాన్యమైన ఒళ్లు నొప్పులను సైతం లెక్కలోకి తీసుకొన్నారు. జబ్బు ఆరంభం నుంచి ఆసుపత్రి విడిచేవరకు ఏ రోజున కనిపించినా గణించారు. అంతేకాదు, ఈ రెండు పరిశీలనలూ ఆసుపత్రిలో చేరవలసి వచ్చినవారివి. ఇంట్లోనే ఉండి కోలుకొన్నవారికి ఈ శాతాలు వర్తించవు. అంకెను చూసి భయపడటం తేలిక; అంకె వెనుక ఉన్న మనుషులను లెక్కించిన పద్ధతిని చూడటం విద్య.

అయితే ఒక విషయంలో చికాగో నివేదిక సందేహానికి తావు ఇవ్వలేదు. ఎరుక చెదిరిన రోగులలో ఆసుపత్రి నుంచి వెళ్లే నాటికి తమ పనులు తాము చేసుకోగలిగినవారు 32.1 శాతం మాత్రమే. ఆ స్థితి లేనివారిలో 89.3 శాతం అలా చేసుకోగలిగారు. నెల రోజులలో మరణించినవారు మొదటి వర్గంలో 21.7 శాతం, రెండో వర్గంలో 3.2 శాతం. మతి తప్పటమే మరణానికి కారణమని దీని అర్థం కాదు. అది శరీరం లోపల ప్రమాదం ముదురుతున్నదని చెప్పే గంట. గంట మోగినప్పుడు వినటం చుట్టూ ఉన్నవారి కర్తవ్యం.

ఈ గంట ఎందుకు మోగుతుంది? కారణం ఒకటి కాదు. ఊపిరితిత్తులు నిండుకొన్నప్పుడు రక్తంలో ప్రాణవాయువు తగ్గి మెదడు మొదట అలమటిస్తుంది. వైరస్‌తో పోరాడవలసిన రోగనిరోధక శక్తి కొందరిలో హద్దు మీరి, సొంత శరీరానికే చేటు చేసే రసాయనాలను వెదజల్లుతుంది. రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, రక్తం గడ్డకట్టే స్వభావం పెరుగుతుంది. మూత్రపిండాలు, కాలేయం అలసిపోతే మలినాలు రక్తంలో నిలిచిపోతాయి. వీటికి తోడు జ్వరం, నిద్రలేమి, కృత్రిమ శ్వాస కోసం ఇచ్చే మత్తుమందులు కూడా మెదడును కలతపెడతాయి. వైరస్ మెదడు కణాలలోకి నేరుగా చొరబడి విధ్వంసం చేయటమే ప్రధాన కారణమని చూపే బలమైన సాక్ష్యం మాత్రం లభించలేదు. శత్రువు కోటలోకి రాకుండానే కోటకు నీరూ తిండీ తెచ్చే దారులను చెడగొట్టిన యుద్ధం వంటిది ఇది.

వాసన పోవటంలోని రహస్యం కూడా ఇటువంటిదే. పుంగనూరు పేరు చెప్పగానే పొట్టిజాతి ఆవులు గుర్తుకు వస్తాయి. ఆ సీమలో పశువుల కొట్టం, కాగే పాలు, తాలింపులో చిటపటలాడే ఆవాలు, వేడి సంగటి, వేయించిన వేరుశనగ గింజలు - ఇవన్నీ కంటికంటే ముందుగా ముక్కుకు తెలిసే విషయాలు. కరోనా సోకిన చాలామందికి ఒకానొక ఉదయం ఈ లోకం ఒక్కసారిగా మూగబోయింది. జలుబుతో ముక్కు మూసుకుపోయినప్పటి స్థితి కాదిది. ముక్కు తెరచే ఉంటుంది. వాసన మాత్రం ఉండదు. ముక్కు పైభాగంలో వాసనను గ్రహించే నాడీకణాలకు అండగా నిలిచే సహాయక కణాలు ఉంటాయి. వైరస్‌కు తలుపు వంటి ఏసీఈ-2 అనే గ్రాహకం ఆ సహాయక కణాల మీద ఉన్నదనీ, వాసనను గ్రహించే కణాల మీద లేదనీ 2020లో పరిశోధకులు గుర్తించారు. సహాయక కణాలు తిరిగి పుట్టగలవు. అందువల్లనే చాలామందికి కొద్ది వారాలలో వాసన తిరిగి వచ్చింది. రానివారికి గులాబి, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం వంటి నాలుగు వాసనలను రోజుకు రెండు పూటలా శ్రద్ధగా పీల్చే అభ్యాసాన్ని వైద్యులు సూచించారు.

వాసన పోవటం ప్రాణాపాయం కాదు గదా అనిపించవచ్చు. కాని వంటగ్యాస్ లీకయినా, అన్నం అడుగంటినా, పాలు విరిగినా తెలియని ఇల్లాలి కష్టం చిన్నది కాదు. తిండి సయించక నీరసించిన వృద్ధులకూ, బిడ్డ ఒంటి పరిమళం తెలియని తల్లికీ అది కంటికి కనిపించని లోటు. పైకి గాయం లేని బాధను ఇంటివారు నమ్మకపోతే ఆ బాధ రెట్టింపవుతుంది.

నమ్మకపోవటం కంటె ప్రమాదకరమైనది పొరపాటుగా అర్థం చేసుకోవటం. పుంగనూరు పరిసరాలలోని ఏదో ఒక పల్లెలో డెబ్బై ఏళ్లు దాటిన ఒక రైతును ఊహించుకోవచ్చు. అతనికి జ్వరం లేదు, దగ్గు లేదు. ఒక సాయంకాలం ఉన్నట్టుండి, ఏనాడో అమ్మేసిన ఎద్దులను కొట్టంలో కట్టెయ్యమని పురమాయిస్తాడు. అన్నం తెచ్చిన కోడలిని చూసి "యా ఊరు తల్లీ నీది?" అని అడుగుతాడు. రాత్రంతా లేచి తిరుగుతాడు. తెల్లవారేసరికి మగతగా పడి ఉంటాడు. ఇంటివారిలో ఒకరు వయసు మీద పడిందంటారు; మరొకరు గాలి సోకిందంటారు; ఇంకొకరు అంత్రం కట్టించమంటారు. ఒక్కరైనా ఊపిరిని పరీక్షించమంటే ఆ ముసలి ప్రాణం నిలబడవచ్చు.

ఈ ఊహకు శాస్త్రంలో ఆధారం ఉన్నది. అమెరికాలో అత్యవసర విభాగాలకు కరోనాతో వచ్చిన 65 ఏళ్లు, ఆపైబడిన 817 మందిని పరిశీలించి 2020 నవంబరులో ఒక నివేదిక ప్రకటించారు. వారిలో 28 శాతం వచ్చేనాటికే మతి చెదిరి ఉన్నారు. అలా చెదిరినవారిలో 37 శాతానికి జ్వరం, ఆయాసం వంటి సాధారణ లక్షణాలేవీ లేవు. అంటే కొందరు వృద్ధులలో దగ్గు చెప్పవలసిన మాటను తడబడే మాటే చెప్పింది.

తెలుగువారికి ఈ స్థితి తెలియనిది కాదు. జ్వరతీవ్రతలో రోగి పలవరిస్తే 'సంధి పుట్టింది' అని పెద్దలు అనేవారు. సంధి ప్రేలాపన అనే మాట నేటికీ వాడుకలో ఉన్నది. ఆ పలుకుబడిలో ఒక వివేకం దాగి ఉన్నది. సంధి అన్నప్పుడు పెద్దలు దానిని మనిషి గుణంలో చేర్చలేదు, జబ్బులో చేర్చారు. పిచ్చితనం వేరు, సంధి వేరు. నేటి వైద్యం చెప్పేదీ అదే. హఠాత్తుగా మొదలై, గంటగంటకూ హెచ్చుతగ్గులు చూపే మతిభ్రమ శరీరంలోని వ్యాధికి సూచన. మూలకారణానికి చికిత్స జరిగితే చాలామందిలో అది తగ్గుతుంది.

అయితే చికిత్స అంతా సీసాలలోనూ సూదులలోనూ లేదు. దీనికి కుప్పం మంచి దృష్టాంతం. ఒకవైపు కర్ణాటకం, మరొకవైపు తమిళనాడు తాకుతూ ఉండే ఆ సరిహద్దు పట్టణంలో తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ ఒకే సంతలో వినిపిస్తాయి. ద్రావిడ భాషల అధ్యయనం కోసం 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసింది అక్కడే. ఈ శతాబ్ది ఆరంభంలో పి.ఇ.ఎస్. వైద్య కళాశాల, దాని ఆసుపత్రి ఏర్పడిందీ అక్కడే. భాషకొక విద్యాలయం, వైద్యానికొక విద్యాలయం పక్కపక్కన ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు. కాని సంధిలో ఉన్న రోగి విషయంలో ఆ రెండూ ఒకదానికొకటి తోడు కావలసినవే.

మతి చెదిరిన రోగిని పేరు పెట్టి పిలవాలి. ఇది ఆసుపత్రి, ఇది ఫలానా వారం, ఇది ఉదయం అని మెల్లగా, మళ్లీ మళ్లీ చెప్పాలి. పగటి వెలుతురు చూపాలి, రాత్రి నిద్రకు భంగం రాకుండా చూడాలి. కళ్లద్దాలు, చెవి యంత్రం అందుబాటులో ఉంచాలి. తగినంత నీరు తాగించాలి. ఎరిగిన ముఖం ఒకటి పక్కన ఉండాలి. ఇవన్నీ కరోనాకు ముందే వైద్యశాస్త్రం అంగీకరించిన ఉపాయాలు. ఈ పిలుపు, ఈ ఓదార్పు రోగికి అర్థమయ్యే తల్లిభాషలో జరగకపోతే అవి చెవిన పడినా మనసును చేరవు.

2020, 2021 సంవత్సరాలలో ఈ ఉపాయాలు చాలా చోట్ల అసాధ్యమయ్యాయి. అంటువ్యాధి భయంతో బంధువులను లోపలికి రానివ్వలేదు. వైద్యులు, నర్సులు నఖశిఖపర్యంతం రక్షణ దుస్తులలో ఉన్నందున ముఖాలు కనిపించలేదు; కళ్లు మాత్రమే కనిపించాయి. తన ఊరూ తన వారూ దూరమై, తెల్లని ఆకారాల మధ్య మేలుకొన్న వృద్ధుడు బెదిరిపోవటంలో ఆశ్చర్యం లేదు. ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో తీవ్ర శ్వాసకోశ వైఫల్యంతో చికిత్స పొందిన 58 మందిలో 40 మంది, కండరాలను సడలించే మందు ఆపగానే, కలవరపాటుతో చెలరేగారని అక్కడి వైద్యులు నమోదు చేశారు. అటువంటి వేళ చాలాచోట్ల నర్సులు ఫోనును రోగి చెవి దగ్గర పెట్టి ఇంటివారి గొంతు వినిపించారు. ఖరీదు లేని ఆ సేవను ఏ మందుల చీటీలోనూ రాయరు.

కొన్ని లక్షణాలలో ఓపిక కాదు, తొందర అవసరం. ముఖం ఒకవైపుకు వాలటం, ఎత్తిన చెయ్యి జారిపోవటం, మాట ముద్దగా రావటం పక్షవాతపు గుర్తులు. రక్తపు గడ్డ వల్ల వచ్చిన పక్షవాతమయితే, దానిని కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్స్ సేవలు 2005లో ఆరంభమయ్యాయి. అయినా మహమ్మారి కాలంలో ఆసుపత్రికి వెళ్తే వ్యాధి అంటుకొంటుందనే భయం ఎందరినో ఇంట్లోనే ఆపింది. పైగా 2020 వేసవిలో రాష్ట్రాల సరిహద్దులు దాటటానికి అనుమతి పత్రాలు కావలసి వచ్చాయి. మెదడు జబ్బు అనగానే బెంగళూరు, వెల్లూరు, తిరుపతి వైపు చూసే సరిహద్దు ప్రజలకు పక్క ఊరే పరదేశమైన కాలమది. గడియారం మాత్రం ఏ అనుమతి పత్రం కోసమూ ఆగదు.

కరోనా తగ్గిన తరువాత కొద్దిమందికి పాదాలలో తిమ్మిరి మొదలై, బలహీనత క్రమంగా పైకి పాకింది. దీనిని గియాన్-బారె జబ్బు అంటారు. రోగనిరోధక శక్తి గురి తప్పి సొంత నాడులనే గాయపరచటం దీనికి మూలం. ఇది అరుదు, సకాలంలో చికిత్స అందితే ఎక్కువమంది కోలుకొంటారు. 2020లోనే ఉత్తర ఇటలీ వైద్యులు ఇటువంటి అయిదుగురిని గురించి వివరించారు.

ఆసుపత్రి నుంచి ఇంటికి రావటంతో కథ ముగియలేదు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2,36,379 మంది రోగుల వివరాలను పరిశీలించి, వ్యాధి సోకిన ఆరు నెలలలో సుమారు మూడోవంతు మందికి ఏదో ఒక నాడీసంబంధమైన లేదా మానసికమైన రుగ్మత నమోదయిందని 2021లో ప్రకటించారు. ఆ రుగ్మత జీవితంలో మొదటిసారిగా వచ్చినవారు 12.84 శాతం. దీర్ఘకాలం వేధించే ఈ స్థితికి 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక నిర్వచనం ఇచ్చింది. అలసట, ఆయాసంతోపాటు ఆలోచన మసకబారటం కూడా అందులో చేరింది.

ఆలోచన మసకబారటం అన్న మాట చిన్నదిగా వినిపిస్తుంది. కాని మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీర నేసే కార్మికుడికి పోగుల లెక్కే జీవనాధారం. టమోటా మార్కెట్టులో వేలం పాడేవాడికి క్షణంలో మనసులో వేసుకొనే లెక్కే పెట్టుబడి. పరీక్షకు కూర్చొన్న విద్యార్థికి చదివినది గుర్తుండటమే ఆస్తి. పైకి ఆరోగ్యంగా కనిపించే ఇటువంటివారు పనిలో తడబడితే సోమరితనమని నిందించటం న్యాయం కాదు. కాలు విరిగినవాడిని పరుగెత్తమని ఎవరూ అనరు; అలసిన మెదడుకు కూడా అదే మర్యాద చెల్లాలి. విశ్రాంతి, క్రమంగా పెంచుకొనే శ్రమ, మంచి నిద్ర, ఇంటివారి సహనం - ఒకనాడు ఆరోగ్యవరంలో రోగులకు ఊరట ఇచ్చిన సాధనాలకు నేటికీ విలువ తగ్గలేదు.

2021 జనవరి 16న భారతదేశంలో టీకాల కార్యక్రమం ఆరంభమయింది. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యాధికి సంబంధించిన అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. వైరస్ లోకం నుంచి తొలగిపోలేదు. దాని ఉద్ధృతి తగ్గింది. ఆ కాలం మిగిల్చిన జ్ఞానం మాత్రం కరోనాకే పరిమితం కాదు. డెంగీలోను, మలేరియాలోను, మూత్రకోశ వ్యాధులలోను, మరే తీవ్రమైన జ్వరంలోనైనా ఇంట్లోని పెద్దవారు హఠాత్తుగా పొంతన లేని మాటలాడితే, అది వార్ధక్యపు చాదస్తమని తోసిపుచ్చకూడదు. దేహం తన బాధను చెప్పుకోవటానికి ఎంచుకొన్న భాష అది. ఆ భాషను తెలుసుకొన్న యువతీయువకుడు ఒక్కరు ఇంట్లో ఉంటే, వైద్యుడు ఎంత దూరాన ఉన్నా ఆ ఇంటికి సగం దూరం తగ్గినట్లే.